చిన్న దూరాల కారు

“బ్రేకు తొక్కాలి సిర్కూ, నిమరకూడదు,” అన్నాడు తపియో.

ఆ మాట అన్నప్పుడు నేను కారు అద్దం మీద గడ్డకట్టిన మంచును గీకుతున్నాను. అతను మెట్ల మీద కాఫీ కప్పుతో నిలబడి ఉన్నాడు. వెనక సీట్లో మా అమ్మాయి హిల్లా బడి సంచిని ఒళ్ళో పెట్టుకుని, నోటి ఆవిరితో లోపలి అద్దం మీద బొమ్మలు వేస్తోంది. ముందురోజు కారు ఆగలేదని నేను చెప్పినదానికి జవాబు అది. తపియో వెటకారం చేసే మనిషి కాదు. నిజంగానే నాకు పనికొచ్చే సలహా ఇచ్చాననుకున్నాడు. వెటకారమైతే తిరిగి ఒక మాట అనొచ్చు. సలహాకి ఏమనాలి? “సరే” అన్నాను. అన్నాక నా మీద నాకే కోపం వచ్చింది. ఆ కోపాన్ని అద్దం మీద చూపించాను.

మా ఇంటి ముందు కరెంటు స్తంభం ఒకటే ఉంది. చలికాలం ఇంజిన్ వెచ్చబడటానికి తీగ తగిలించేది దానికే. ఆ తీగ తపియో పెద్ద కారుకి. అతను పొద్దున్నే బయల్దేరి, దక్షిణానికి పోయే పెద్ద రోడ్డెక్కి, దారిలో ఎక్కడా ఆగకుండా కాగితం మిల్లుకి వెళ్తాడు. “నీది చిన్న కారు కదా, తొందరగా వేడెక్కుతుంది,” అంటాడు. పైగా నేను వెళ్ళేది ఊళ్ళోనే. దూరాలు చిన్నవి. మా ఇంట్లో చిన్న దూరాలను ఎవరూ ప్రయాణాలుగా లెక్కవేయరు.

నా ఉద్యోగం పురపాలక సంఘంలో, ముసలివాళ్ళ ఇళ్ళకు వెళ్ళి వాళ్ళను చూసుకునే పని. ఒక ఇంట్లో మందు బిళ్ళలు మింగించి, ఇంకో ఇంట్లో జావ కాచి, మరో ఇంట్లో వాచిన కాళ్ళకి బిగుతు మేజోళ్ళు తొడిగి, మళ్ళీ కారెక్కి మళ్ళీ దిగడం. మధ్యలో హిల్లాను బడి దగ్గర దించాలి. మందుల షాపులో అత్తగారి చుక్కల మందు తీసుకోవాలి. ఆవిడ ఇంటికెళ్ళి పొయ్యిలోకి కట్టెలు మోసి పెట్టాలి. తపియో ఆదివారం వెళ్ళి వాళ్ళమ్మ దగ్గర కూర్చుని యాలకుల బన్ను తిని వస్తాడు. ఊళ్ళో వాళ్ళంతా అతన్ని తల్లిని చూసుకునే కొడుకు అంటారు. నిజమే, చూసుకుంటాడు. ఎదురుగా కూర్చుని చూసుకుంటాడు.

నవంబరులో మొదలైంది. మా ఊరు కయానీలో చలి బిగిసే రోజులు. రెండు మూడు ఇళ్ళు తిరిగి, నాలుగో చోట మలుపు దగ్గర బ్రేకు వేస్తే పెడల్ కిందికి దిగలేదు. కాలి కింద చెట్టు మొద్దు ఉన్నట్టుంది. రెండు కాళ్ళూ పెట్టి, సీట్లోంచి లేచి తొక్కితే అప్పుడు, ఇష్టం లేని మనిషిలా, నెమ్మదిగా ఆగింది. చుట్టూ ఎవరూ లేరు. మర్నాడు అంతా మామూలుగానే ఉంది. వారం తర్వాత మళ్ళీ అలాగే అయింది. ఆ సాయంత్రమే వంటింట్లో తపియోకి చెప్పాను. తెల్లవారాక మెట్ల మీద నిలబడి ఆ సలహా ఇచ్చాడు.

అయినా అతను కారును పట్టించుకోలేదని చెప్పను. రైమో దగ్గరికి తీసుకెళ్ళాడు. రైమో తపియోకి చిన్నప్పటి స్నేహితుడు. ఆ కారు మాకు అమ్మింది అతనే. షోరూము వెనక అతనికి మరమ్మతుల షెడ్డు ఉంది. తీసుకెళ్ళే ముందురోజు తపియో తన కారు తీగ విప్పి నా కారుకి తగిలించాడు. పరాయివాళ్ళ చేతికి ఇచ్చేటప్పుడు కారు వెచ్చగా ఉండాలని మా వైపు మర్యాద. రైమో కూడా మర్యాదస్థుడే. కారును రాత్రంతా షెడ్డు లోపల వెచ్చగా ఉంచి, మంచు అంతా కరిగి కారిపోయాక, పొద్దున పెద్ద రోడ్డు మీద దూరంగా నడిపి చూశాడు.

“వెన్నలా ఉన్నాయి బ్రేకులు,” అన్నాడు నాతో. “సీటు కొంచెం ముందుకి లాక్కో సిర్కూ. కారు కాళ్ళు బానే ఉన్నాయి మరి, నీ కాళ్ళే...” అని ఆపి తపియో వైపు చూసి నవ్వాడు. తపియో కూడా నవ్వాడు. నేనూ నవ్వాను. ముగ్గురం నవ్వాక ఇక మాట్లాడటానికి ఏముంటుంది?

అత్తగారు లెంపి అయితే నవ్వలేదు కూడా. “నేను ట్రాక్టరు నడిపాను, కడుపుతో ఉండగా. దానికి బ్రేకులే లేవు. ఎవరిని గుద్దానమ్మా నేను?” అంది, నేను మోసుకొచ్చిన కట్టెల్లో తడివి ఏరి పక్కన పెడుతూ.

నేను సీటు ముందుకి లాక్కున్నాను. స్టీరింగు పొట్టకి తగిలేంతగా. పెడల్ మళ్ళీ బిగుసుకుంది. రైమో దగ్గరికి నేనొక్కదాన్నే వెళ్ళాను. మళ్ళీ కారును లోపల పెట్టారు, మళ్ళీ వెన్న అన్నారు. ఈసారి రైమో గొంతు తగ్గించి, “నిద్ర సరిగ్గా పడుతోందా? ఈ వయసులో ఆడవాళ్ళకి కొంచెం...” అన్నాడు. నిద్ర పట్టడం లేదు. ఎందుకు పట్టడం లేదో అతనికి చెప్పడానికే వెళ్ళాను.

ఆ రకం కారు ఉన్నవాళ్ళంతా రాసుకునే చోటు ఇంటర్నెట్లో ఒకటుంది. భోజన విరామంలో, కారులోనే కూర్చుని, రై రొట్టె నములుతూ చదివేదాన్ని. తలుపు తాళం గడ్డకడుతోందని ఒకరు, ఎరుపు దీపం ఊరికే వెలిగి ఆరుతోందని ఒకరు, వెనక చక్రం దగ్గర తుప్పని ఒకరు. పెద్ద రోడ్డు మీద గేరు మారేటప్పుడు చిన్న కుదుపు వస్తోందని ఒకాయన రాస్తే దానికింద ఎంత చర్చ! బొమ్మలు, కొలతలు, ఒకరి భుజం ఒకరు తట్టుకోవడం. వాటి మధ్య అక్కడక్కడా, ఎవరూ ఆగి చూడని మాటలు. సొదాంక్యులా నుంచి ఉత్తరాలు పంచే ఆవిడ: “బ్రేకు రాయైపోయింది. ఇంకెవరికైనా అయిందా?” యోయెన్సూ నుంచి నాలాగే ముసలివాళ్ళ ఇళ్ళు తిరిగే అమ్మాయి: “నాకు రెండుసార్లు. నా స్నేహితుడు నమ్మడం లేదు.” కవల పిల్లల్ని రెండు వేరు వేరు చోట్ల దించే తల్లి ఒకావిడ. వాళ్ళ కింద జవాబులు మాత్రం అన్ని చోట్లా ఒకటే: చెప్పులు మార్చి చూడండి. పెడల్ ఏది అని సరిగ్గా చూసుకున్నారా? ఒకసారి మీ ఆయన్ని నడపమనండి.

చదువుతూ చదువుతూ ఒకరోజు రొట్టె నమలడం ఆపేశాను. మేమందరం చేసేది ఒకటే పని. ఆగడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. ఇంజిన్ ఒళ్ళు వెచ్చబడేలోపే ఆపేస్తాం. మళ్ళీ చలిలో మొదలుపెడతాం. దూరం పోయేవాళ్ళకి కనబడనిది మాకే కనబడుతోంది. అది తెలిశాక తేలికపడ్డాను. నా కాళ్ళు మంచివే. ఆ సంగతి తపియోకి చెబితే, “ఇంటర్నెట్లో అందరూ ఇంజనీర్లే,” అన్నాడు. నేను గమనించిందేమిటంటే, అక్కడ రాసిన మగవాళ్ళను అతను ఎప్పుడూ ఆ మాట అనలేదు.

ఫిబ్రవరిలో, అత్తగారి ఇంటి దగ్గర కట్టెలు వేసి, వాలు మీంచి కిందికి దిగుతున్నాను. కింద దారి దాటే చోట హెల్వి ఉంది. ఆవిడ నేను చూసుకునే ముసలివాళ్ళలో ఒకరు కాదు. ఎవరి సాయమూ వద్దంటుంది. మంచు మీద కాలితో తన్నుకుంటూ పోయే స్లెడ్జి బండి తోసుకుని కొట్టుకి వెళ్తోంది. నన్ను చూసి, నేను ఆగుతాననుకుంది. నేనూ ఆగుతాననుకున్నాను. పెడల్ దిగలేదు. లేచి నిలబడ్డాను. కారు నెమ్మదిగానే వెళ్ళింది. పెద్ద వేగమేమీ లేదు. ఆ నెమ్మది ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. స్లెడ్జి పక్కకి ఎగిరింది. ఆవిడ కాలు తుంటి దగ్గర విరిగింది.

పోలీసులు కారును తీసుకెళ్ళి పరీక్ష చేయించారు. వెచ్చని హాలులో. ఏ లోపమూ లేదని తేలింది. నా లైసెన్సు పట్టి ఉంచారు. ఇంట్లో తపియో నా మీద అరవలేదు. కాఫీ కలిపి తెచ్చి ఇచ్చాడు. ఎదురుగా కూర్చుని, హిల్లాకి లెక్కలు చెప్పే గొంతుతో మొదలుపెట్టాడు.

“చూడు, కారులో ఏమీ లేదు. మూడుసార్లు చూశారు. కాలు జారి పక్క పెడల్ మీద పడిందని చెప్పెయ్. ఎవరికైనా జరిగేదే. జరిమానా కట్టేస్తాం, అయిపోతుంది.”

“జారలేదు.”

“జారలేదని నువ్వనుకుంటున్నావు. ఆ కంగారులో నీకెలా తెలుస్తుంది?”

“నా కాలు తపియో. నాకు తెలియదా?”

“మొండికేస్తే నీకే మానసికంగా ఏదో ఉందంటారు. ఉద్యోగం పోతుంది. హిల్లా గురించి ఆలోచించు.”

లెంపి ఫోను చేసి, “తప్పు ఒప్పుకుంటే ఏం అరిగిపోతావు? మా కాలంలో ఆడవాళ్ళు చెయ్యని తప్పులు కూడా ఒప్పుకుని కాపరాలు చేశారు,” అంది. ఫోనులో ఆవిడ ఊపిరి వినబడింది. తర్వాత ఎప్పటిలాగే పొడి కట్టెలు అయిపోయాయని చెప్పింది.

నిజం చెప్పాలంటే, ఒప్పుకునేదాన్నే. రోజుకి ఇంతమంది నీ కాలే నీ మాట వినలేదని చెబుతుంటే, రాత్రి దుప్పటి కింద కాళ్ళు కదిపి చూసుకునేదాన్ని, ఇవి నావేనా అని. ఆ మాట సిద్ధం చేసుకుని, క్షమించమని అడగడానికి ఆసుపత్రికి వెళ్ళాను. హెల్వి పడుకుని, పక్కమంచం ఆవిడ చెప్పేది వినకుండా కిటికీ వైపు చూస్తోంది. నన్ను చూడగానే, “కూర్చో. ఏడిస్తే మాత్రం వెళ్ళిపో, ఇక్కడ ఆ పని చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు,” అంది.

“నా కాలు జారి...” అని మొదలుపెట్టాను.

“ఎవరు చెప్పారు నీకు?”

నేను కుర్చీ మంచం దగ్గరికి లాక్కున్నాను.

“నేను చూశానమ్మాయ్. నువ్వు సీట్లోంచి లేచి ఉన్నావు. తల కారు పైకప్పుకి ఆనింది. కాలు జారినవాళ్ళు అలా నిలబడరు. నీ కారుని ఆపడానికి నువ్వు ఎంత తన్నుకున్నావో నా కళ్ళతో చూశాను. నన్నెవరూ అడగలేదు మరి. ముసలిదాన్ని, దెబ్బ తగిలింది, ఏం చూసుంటానులే అనుకున్నారు.” తన బల్ల మీది కాఫీ కప్పు నా వైపు తోసింది. “తాగు. వీళ్ళ కాఫీ నాకు నచ్చదు. ఊరికే పోతుంది.”

ఆ చల్లారిన కాఫీ అంతా తాగాను. చలికాలమంతా ఎవరైనా నాకిచ్చినవాటిలో అదొక్కటే వెచ్చగా అనిపించింది.

ఆ తర్వాతి వారం పిల్లలకి మంచు సెలవులు. తపియో కూడా ఏటా ఆ వారం సెలవు పెట్టి, గడ్డకట్టిన సరస్సు మీద బెజ్జం వేసుకుని చేపలకి కూర్చుంటాడు. ఈసారి కుదరలేదు. నాకు లైసెన్సు లేదు, ముసలివాళ్ళకి సెలవుల్లేవు. తన పెద్ద కారు మరమ్మతుకి ఇచ్చి ఉండటంతో, పోలీసులు తిరిగిచ్చిన నా కారులోనే నన్ను తిప్పాడు. హిల్లా వెనక కూర్చుంది. మొదటి ఇంటి దగ్గర ఏమీ అనలేదు. మూడో ఇంటి దగ్గర, “ఇన్నిసార్లు ఆగాలా?” అన్నాడు. మందుల షాపు దగ్గర, “ఇది కూడా నువ్వేనా?” అన్నాడు. వాళ్ళమ్మ ఇంటి దగ్గర నేను కట్టెలు మోస్తుంటే ఇంజిన్ ఆపి చూస్తూ కూర్చున్నాడు. దిగి సాయం చేద్దామనుకున్నట్టున్నాడు. తలుపు సగం తెరిచి, చలి కొట్టగానే మూసేశాడు.

నేను వచ్చి కూర్చున్నాక వాలు దిగాం. కింద దారి దాటే చోట ఎవరూ లేరు. అంతవరకు దయ.

“సిర్కూ,” అన్నాడు. గొంతు మారిపోయింది. “సిర్కూ, ఇది దిగడం లేదు!”

“తెలుసు. లేచి తొక్కు.”

“దిగడం లేదంటే!”

నేను పక్కనుంచి చేతి బ్రేకు లాగి, స్టీరింగు నా వైపు తిప్పాను. కారు రోడ్డు పక్క మంచు గుట్టలో ముక్కు దూర్చి ఆగింది. మంచు మెత్తగా ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు. వెనకనుంచి హిల్లా, “నాన్నా, బ్రేకు తొక్కాలి, నిమరకూడదు,” అంది. పిల్ల ఎగతాళి చేయలేదు. తను విన్న మాట అది. కారు ఆగకపోతే అనేది అదే కాబోలు అనుకుంది.

తపియో ముఖం తెల్లబడింది. చేతులు ఇంకా స్టీరింగు పట్టుకునే ఉన్నాయి. ఆ చేతుల మీద చెయ్యి వేశాను, పదిహేనేళ్ళ అలవాటు. అప్పుడు నా వైపు తిరిగి, నిజమైన బాధతో, “ఇంత ప్రమాదమని నాకెందుకు చెప్పలేదు నువ్వు?” అన్నాడు.

చెయ్యి తీసేశాను.

ఆ తర్వాత అన్నీ ఎంత తొందరగా జరిగాయి! తపియో మంచులో నిలబడే రైమోకి ఫోను చేశాడు. ఇంతకుముందు నా కాళ్ళ గురించి మాట్లాడిన రైమో, “నీకే అయిందా? అయితే ఏదో ఉందిరా,” అన్నాడు. నేను పక్కనే ఉన్నాను, వినబడింది. ఈసారి కారును ఆరుబయటే ఉంచి, ఆగుతూ మళ్ళీ బయల్దేరుతూ ఊరంతా తిప్పి, చలిలోనే విప్పి చూశారు. ఇంజిన్ నుంచి బ్రేకు దగ్గరికి పోయే గొట్టంలో తేమ చేరి మంచుగడ్డయింది. గడ్డ అడ్డుపడితే బ్రేకుకి బలం అందదు. లోపల వెచ్చగా పెట్టిన ప్రతిసారీ ఆ గడ్డ కరిగి, సాక్ష్యం చెప్పకుండానే పోయింది. కార్లు దిగుమతి చేసే కంపెనీ నుంచి తపియోకి ఫోను వచ్చింది. సూక్ష్మంగా గమనించారని మెచ్చుకున్నారు. ఇంటర్నెట్లో అతను రాసిన దానికింద ఒకరి తర్వాత ఒకరు అభినందనలు. సొదాంక్యులా ఉత్తరాలావిడ కూడా రాసింది: “చివరికి ఎవరో ఒకరు చెప్పారు. ధన్యవాదాలు.”

నాకు లైసెన్సు తిరిగి ఇస్తారనుకున్నాను. బదులుగా పోలీసులు మళ్ళీ పిలిచారు. ఇప్పుడు వాళ్ళ ప్రశ్న మారింది. కారు చెడిపోయిందని తేలింది సరే, ఆ సంగతి ముందే ఎవరికి తెలుసు?

స్టేషనుకి తీసుకెళ్తూ దారిలో తపియో అంతా వివరించాడు. “ప్రమాదం జరిగిన రోజే మొదటిసారి అలా అయిందని చెప్పు. నువ్వు తెలిసి నడపలేదు, నేను తెలిసి నడపనివ్వలేదు, రైమో తెలిసి వదిలెయ్యలేదు. ఎవరి తప్పూ కాదు. కేసు మూసేస్తారు. నవంబరు అన్నావనుకో, తెలిసి తెలిసి నడిపావని మొదట నీ మీదకే వస్తుంది. నీ మంచికే చెబుతున్నాను.”

నా మంచికే. అది కూడా నిజమే. ఆ మనిషి ఎప్పుడూ అబద్ధం చెప్పడు. దారంతా అతని మాట పక్కన ఇంకొన్ని మాటలు పెట్టి చూసుకున్నాను. మొదటిసారి ఆరోజే అయితే, కంపెనీ దృష్టిలో అది ఒక్క కారు, ఒక్క గొట్టం. రైమోకి ఇంకో గొట్టం పంపిస్తారు. ఉత్తరాలావిడని రేపు కూడా చెప్పులు మార్చి చూడమంటారు. యోయెన్సూ అమ్మాయిని స్నేహితుడు రేపు కూడా నమ్మడు. చలికాలమంతా నేను చెప్పింది చెప్పనట్టవుతుంది, అదీ నా నోటితోనే. ఉద్యోగం పోవచ్చు. కాపురం కూడా. హెల్వి తుంటి మాత్రం ముందులా అతకదు, నడుస్తుందట, కర్రతో.

తపియోని బయట కూర్చోమన్నారు. నన్ను ప్రశ్నలడిగే పోలీసావిడ నా వయసుదే. నా బూట్ల కింద మంచు కరిగి చిన్న మడుగు కట్టింది. దాన్ని తుడుచుకోమని తనే కాగితం రుమాలు అందించింది.

“పెడల్ బిగుసుకోవడం మొదటిసారి ఎప్పుడు?”

“నవంబరులో.”

ఆవిడ తలెత్తింది. “అంటే ప్రమాదానికి ముందే మీకు తెలుసు. ఈ మాట మీకు ఇబ్బంది కలిగించవచ్చు. అర్థమవుతోందా?”

“అవుతోంది.”

“ఎవరికైనా చెప్పారా?”

తలుపుకున్న అద్దంలోంచి తపియో కనబడుతున్నాడు. నా కోటు ఒళ్ళో పెట్టుకుని, నలగకుండా మడిచి పట్టుకుని కూర్చున్నాడు.

“చెప్పాను,” అన్నాను. “ముందు మా ఆయనకి.”

రాసుకుంటున్న ఆవిడ చెయ్యి ఆగింది. “ఒక్కమాట. భర్తకి వ్యతిరేకంగా చెప్పి తీరాలని చట్టం ఏమీ లేదు. మిమ్మల్ని ఇక్కడ ఎవరూ బలవంతపెట్టరు.”

“తెలుసు,” అన్నాను. “ఎవరూ బలవంతపెట్టకుండా నేను ఏదైనా చెప్పి చాలా కాలమైంది. రాసుకోండి.”